వెండిరంగు స్విఫ్ట్‌పై 43 రాతి దెబ్బలు: ఇంట్లో చేసిన మరమ్మత్తు డైరీ

ఈ డైరీలో పెచ్చు అంటే రాయి తగిలి రంగు ఊడిపోయిన చోటు. బండి 2015 నాటి మారుతి స్విఫ్ట్, రంగు సిల్కీ సిల్వర్, రంగు సంకేతం జడ్2ఎస్. ఖమ్మం, సూర్యాపేటల మధ్య దాదాపు 60 కిలోమీటర్ల దారిలో వారానికి నాలుగు రోజులు తిరుగుతుంది. గ్రానైటు, కంకర మోసే టిప్పర్ల వెనుక నడిచిన ప్రతి నెలా బానెట్ మీద ఒకటి రెండు గుంటలు కొత్తగా కనిపిస్తాయి. ఇదే పని తలపెట్టేవారు నా పొరపాట్లను మళ్ళీ చేయకూడదని ప్రతి దశలోనూ కొలతలు, ఖర్చు, గంటలు రాసి ఉంచాను.

మొదటి దశ: లెక్క, కొలత (2024 జులై 27, 28)

బండిని షాంపూతో కడిగి, ఆరబెట్టి, నీడలో నిలబెట్టి, టార్చిలైటును ఏటవాలుగా పట్టి చూస్తే పెచ్చులన్నీ నీడలతో సహా బయటపడ్డాయి. ప్రతి పెచ్చు పక్కన మాస్కింగ్ టేపు ముక్క అంటించి నంబరు వేశాను.

బానెట్ మీద 24, ముందు బంపర్ మీద 9, ఎడమ ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) మీద 4, కుడి ఫెండర్ మీద 3, డ్రైవర్ తలుపు అంచున 3. మొత్తం 43.

సంఖ్య కంటే లోతు ముఖ్యమని ఆ రోజు తెలియలేదు కానీ, అదృష్టవశాత్తూ లోతును కూడా రాసిపెట్టుకున్నాను. కారు రేకు మీద కంపెనీ వేసే పూతలు నాలుగు ఉంటాయి. రేకును తొట్టిలో ముంచి విద్యుత్తుతో పట్టించే తుప్పు నిరోధక పూత అన్నిటికంటే అడుగున ఉంటుంది, దాని మీద రంగు పట్టుకునేందుకు వేసే ప్రైమర్, ఆ పైన రంగునిచ్చే బేస్ కోటు, చివరగా మెరుపునిచ్చే క్లియర్ కోటు. ఈ చివరి దాన్నే మన షెడ్లలో లక్కర్ అంటారు. పెచ్చు అడుగున వెండిరంగే కనబడితే క్లియర్ మాత్రమే పోయినట్లు, బూడిద రంగు కనబడితే ప్రైమర్ దాకా పోయినట్లు, మెరిసే లోహం గానీ గోధుమరంగు గానీ కనబడితే రేకు దాకా పోయినట్లు.

రేకు భాగాల మీది 34 పెచ్చుల్లో క్లియర్ మాత్రమే పోయినవి 6, ప్రైమర్ దాకా పోయినవి 19, రేకు దాకా పోయినవి 9. ఆ తొమ్మిదింటిలో ఐదింటికి అప్పటికే తుప్పు పట్టింది.

పాత కార్లు కొని అమ్మే మిత్రుడి దగ్గర పూత మందం కొలిచే మీటరు అరువు తెచ్చాను. బానెట్ మీద తొమ్మిది చోట్ల కొలిస్తే సగటు 112 మైక్రాన్లు వచ్చింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మామూలు జిరాక్స్ కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు. అంటే నాలుగు పూతలూ కలిసి ఒక కాగితమంత మందం. డ్రైవర్ తలుపు మీద మాత్రం 265 వచ్చింది. నేను ఈ బండిని కొనక ముందే ఆ తలుపుకు ఎవరో రంగు వేయించారన్న మాట. ఆ అంకెను రాసుకుని పక్కన పెట్టాను, దాని అర్థం మూడో దశలో తెలిసింది. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి ఈ మీటరు దాని మీద పనిచేయదు. మీటరు మొన పెచ్చు కంటే వెడల్పుగా ఉంటుంది కనుక గుంట లోతును నేరుగా కొలవడం కుదరదు, చుట్టూ ఉన్న మందాన్ని బట్టి అంచనా వేసుకోవలసిందే.

ఇప్పటివరకు: బాగైనవి 0/43. ఖర్చు రూ. 0. సమయం 2 గంటలు.

రెండో దశ: మొదటి ప్రయత్నం, పూర్తి వైఫల్యం (ఆగస్టు 10 నుంచి 18)

కొన్నవి: సంకేతం చెప్పి కలిపించిన రంగు 100 మి.లీ. (రూ. 450), ఒంటి డబ్బా లక్కర్, అంటే గట్టిపరిచే ద్రవం వేరుగా కలపనవసరం లేనిది (రూ. 120), ఎన్‌సీ థిన్నర్ (రంగును పలుచన చేసే ద్రవం) అర లీటరు (రూ. 110), 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాలు (రూ. 120), మాస్కింగ్ టేపు (రూ. 40), సన్న కుంచెలు రెండు (రూ. 90), ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (రూ. 250).

పన్నెండు పెచ్చులు ఎంచుకున్నాను: బానెట్ మీద 8, ఎడమ ఫెండర్ మీద 2, తలుపు అంచున 2. ఆల్కహాల్‌తో తుడిచి, కుంచెతో ఒక్కో గుంటలో ఒక నిండు చుక్క రంగు పెట్టి, గంట తరువాత దాని మీద ఒక నిండు చుక్క లక్కర్ పెట్టాను. గోడ మీది తేమ మీటరు ఆ ఉదయం 86 శాతం చూపించింది. నేను దాన్ని చూశాను, పట్టించుకోలేదు.

మరునాటికి పరిస్థితి ఇది:

1. ఐదు చోట్ల లక్కర్ పాలు పోసినట్లు తెల్లబడింది.
2. నాలుగు చోట్ల చుక్క గుబ్బలా పైకి నిలిచింది, వేలు పెడితే తగులుతోంది.
3. మూడు చోట్ల చుక్క నడుమ కుంగిపోయి అంచులు మాత్రం లేచి నిలిచాయి.
4. పన్నెండు చోట్లా వెండిరంగు చుట్టూ ఉన్నదానికంటే ముదురుగా కనబడింది.

తెల్లబడటానికి కారణం తేమ. ఎన్‌సీ థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం నుంచి వేడిని లాగేసుకుంటుంది, చల్లబడ్డ ఆ పూత మీద గాలిలోని నీరు మంచులా పట్టి లోపల చిక్కుకుంటుంది. ఈ దోషాన్ని తగ్గించడానికి నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్లు ఉన్నాయి, కానీ 86 శాతం తేమలో పని మానుకోవడమే మంచిది. ఇప్పుడు 70 శాతం దాటితే నేను డబ్బా మూత తీయను.

ముదురు రంగుకు కారణం వేరు. వెండిరంగులో మెరుపు అల్యూమినియం రేణువులది. స్ప్రే చేస్తే అవి నేల మీద పరిచిన పలకల్లా పడుకుని వెలుగును మన వైపు తిప్పుతాయి. కుంచెతో మందంగా పెట్టిన చుక్కలో అవి అడ్డదిడ్డంగా నిలబడిపోతాయి కనుక ఎదురుగా చూసినప్పుడు ముదురుగా, పక్క నుంచి చూసినప్పుడు లేతగా కనబడతాయి. రంగు కలిపిన దుకాణానిదే తప్పని మొదట అనుకున్నాను. అదే రంగును డబ్బా మూత మీద పలుచగా రుద్ది, పైన లక్కర్ వేసి, బానెట్ పక్కన పెట్టి నీడలో చూసినప్పుడు తేడా దాదాపు కనబడలేదు. రంగు సరైనదే, నేను పెట్టిన మందమే తప్పు.

ఇప్పటివరకు: బాగైనవి 0/43. ఖర్చు రూ. 1,180. సమయం 8.5 గంటలు.

మూడో దశ: వేసినదంతా తీసేయడం (ఆగస్టు 24, 25)

ఈ దశ నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది. ఒంటి డబ్బా లక్కర్ థిన్నర్ తగిలితే ఎప్పటికైనా కరుగుతుంది, కంపెనీలో కొలిమి వేడికి గట్టిపడిన అసలు పూత కొద్దిసేపటి తడికి కరగదు. కాబట్టి చెవిపుల్లను థిన్నర్‌లో ముంచి, పిండి, చుక్క మీద మాత్రమే తిప్పుతూ పది సెకన్లకు ఒకసారి పొడి గుడ్డతో తుడిస్తే బానెట్ మీదా ఫెండర్ మీదా వేసినది శుభ్రంగా వచ్చేసింది.

తలుపు అంచున అదే పని చేసినప్పుడు నా చుక్కతో పాటు చుట్టూ ఉన్న పూత కూడా మెత్తబడి, అర అంగుళం మేర మెరుపు పోయి, చెవిపుల్లకు వెండిరంగు అంటుకుంది. మీటరు చూపిన 265 అర్థం ఇదే: ఆ తలుపుకు ఎవరో వేసినది థిన్నర్‌కు తట్టుకోని ఒంటి డబ్బా పూత. మీటరు లేనివారు కూడా దీన్ని ముందే పట్టుకోవచ్చు. బయటకు కనబడని చోట, తలుపు లోపలి అంచున, థిన్నర్ తడి పుల్లతో పది సెకన్లు రుద్ది చూడాలి. పుల్లకు రంగు అంటినా, వేలికి జిగురు తగిలినా ఆ భాగం మీద థిన్నర్ వాడకూడదు.

సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఊరి లోతట్టు కాలనీలు మునిగాయి. తరువాత చాలా రోజులు ఇళ్ళు కడుక్కునే బంధువులకు సాయంగా ఉన్నాను, ఈ పని ఆగిపోయింది. వానలు పూర్తిగా వెనకబట్టేదాకా బండిని ముట్టుకోకూడదని కూడా అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఇప్పటివరకు: బాగైనవి 0/43. ఖర్చు రూ. 1,210 (చెవిపుల్లలు రూ. 30). సమయం 10.5 గంటలు.

నాలుగో దశ: తుక్కు తలుపు మీద పరీక్షలు (అక్టోబరు 19 నుంచి నవంబరు 10)

తుక్కు దుకాణంలో రూ. 200కు ఒక తలుపు రేకు తెచ్చాను. కారు మీద నేర్చుకోవడం కంటే ఇది చాలా చవక. దీన్ని మొదటి రోజే తేవలసింది.

టింకరింగ్ షెడ్డులో పనిచేసే పెయింటర్ మేస్త్రి గారి దగ్గర రెండు డబ్బాల లక్కర్ (గట్టిపరిచే ద్రవం వేరుగా కలపవలసిన రకం), దాని హార్డ్‌నర్ కొద్దిగా లూజుగా కొన్నాను. నా పన్నెండు చుక్కల కథ చెబితే ఆయన ఒక్క మాటలో తేల్చారు: "రంగు కనపడటానికే సార్, గుంట పూడాలంటే లక్కరే." ఆ మాట నిజమో కాదో తూకం వేసి చూశాను.

నగల తూకానికి వాడే చిన్న త్రాసు (రూ. 350) మీద రేకు ముక్క పెట్టి, ఒక గ్రాము బేస్ కోటు వేసి ఆరనిస్తే 0.27 గ్రాములు మిగిలింది. హార్డ్‌నర్ కలిపిన లక్కర్ ఒక గ్రాముకు 0.52 గ్రాములు మిగిలింది. ఆరాక మిగిలే ఘనపదార్థం ద్రవం కంటే బరువైనది కాబట్టి, తగ్గే ఎత్తు తూకం చూపినదానికంటే ఇంకా ఎక్కువ. గుంట నిండా పోసిన రంగు చుక్క ఆరిన తరువాత నాలుగో వంతు కూడా నింపదు. నా మొదటి చుక్కలు నడుమ కుంగడానికి, నిండాలని ఇంకా పోస్తే గుబ్బ కట్టడానికి కారణం అదే.

తరువాత తుక్కు తలుపు మీద మూడు సెంటీమీటర్ల గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో పూత వేసి, మీటరుతో కొలిచాను.

- బేస్ కోటు, కుంచెతో పలుచగా ఒక పూత: 7 మైక్రాన్లు
- ఎపాక్సీ ప్రైమర్, ఒక పూత: 20 మైక్రాన్లు
- హార్డ్‌నర్ కలిపిన లక్కర్, ఒక పూత: 27 నుంచి 28 మైక్రాన్లు

ఇక మిగిలింది కూడిక. ప్రైమర్ దాకా పోయిన గుంట లోతు సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే బేస్ రెండు పూతలు (14), లక్కర్ రెండు పూతలు (55), మొత్తం 69. రేకు దాకా పోయిన గుంట 112 అనుకుంటే ప్రైమర్ రెండు (40), బేస్ రెండు (14), లక్కర్ రెండు (55), మొత్తం 109. బేస్ కోటును ఒక్కొక్క పెచ్చుకు రెండు పలుచటి పూతలకు మించి వేయకపోవడం వల్ల అల్యూమినియం రేణువులు కూడా పడుకునే వీలు దొరికి, ముదురు రంగు సమస్య సగానికి పైగా తగ్గింది.

పారదర్శకమైన గోళ్ళ రంగు వాడవచ్చని చాలామంది చెబుతారు. దాన్ని కూడా ఒక గడిలో వేసి ఆ రేకును మేడ మీద ఎండలో వదిలేశాను. ఫలితం చివరి దశలో రాశాను.

హార్డ్‌నర్ గురించి ఒక హెచ్చరిక. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఒకసారి పడకపోతే ఆ తరువాత కొద్దిపాటి వాసనకు కూడా ఉబ్బసం రావచ్చు. తగిన రక్షణ లేకుండా ఇంట్లో దాన్ని స్ప్రే చేయకూడదు. నేను పుల్లతో చుక్కలు మాత్రమే పెట్టాను, అదీ నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే పోర్టికోలో, పిల్లలు ఇంట్లో లేని వేళ చూసుకుని.

ఖర్చు: తుక్కు తలుపు 200, త్రాసు 350, లక్కర్, హార్డ్‌నర్ కలిపి 250, సిరంజీలు నాలుగు 40, గ్లవ్స్ 150.

ఇప్పటివరకు: బాగైనవి 0/43. ఖర్చు రూ. 2,200. సమయం 17.5 గంటలు.

అయిదో దశ: ప్రైమర్ దాకా పోయిన 19 పెచ్చులు (నవంబరు 23 నుంచి డిసెంబరు 15)

తేమ 55 శాతం, నీడలో 27 డిగ్రీలు. తెల్లవారి బానెట్ మీద మంచు పడుతుంది కనుక తొమ్మిదిన్నరకు ముందు మొదలుపెట్టలేదు. ఎండలో నిలిచిన బండి మీద కూడా పని చేయకూడదు. అక్టోబరులోనే మధ్యాహ్నం రేకు 54 డిగ్రీలకు వెళ్ళింది, అంత వేడి మీద చుక్క పరుచుకునే లోపే ఆరిపోతుంది.

ఈసారి అనుసరించిన క్రమం:

1. షాంపూతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడవాలి. డాష్‌బోర్డుకు, టైర్లకు వాడే మెరుపు ద్రవాల్లోని సిలికోన్ రంగు మీద ఉంటే పూత చేపకన్నుల్లా విడిపోతుంది. తుడిచిన గుడ్డను మళ్ళీ వాడకూడదు.
2. కుట్టుసూది మొనతో గుంట అంచును చుట్టూ తడమాలి. వదులుగా ఉన్న రంగును ఇప్పుడే రాల్చకపోతే అది కొత్త పూతతో పాటు తరువాత లేస్తుంది.
3. రంగు సీసాను మూడు నిమిషాలు ఊపాలి. అల్యూమినియం అడుగుకు చేరుతుంది, ఊపకపోతే పైనున్న బూడిద రంగు నీరే వస్తుంది.
4. పళ్ళపుల్ల మొనతో గుంట అడుగున మాత్రమే బేస్ పెట్టాలి. అంచు దాటకూడదు. 20 నిమిషాల తరువాత రెండో పూత.
5. మరో గంట ఆగి, సిరంజీలతో 2 మి.లీ. లక్కర్, 1 మి.లీ. హార్డ్‌నర్ కొలిచి కలిపి, మొదటి చుక్క పెట్టాలి. నేను కొన్న రకానికి ఇదే పాళ్ళు, డబ్బా మీద వేరే పాళ్ళు ఉంటే వాటినే పాటించాలి.
6. మరునాడు, కొత్తగా కలిపి, రెండో చుక్క. ఇది చుట్టూ ఉన్న మట్టం కంటే వెంట్రుకవాసి పైకి ఉండాలి.
7. నాలుగు రోజులు ముట్టుకోకూడదు.

మట్టం చేయడం వేరే విద్య. గడ్డం బ్లేడును నిలువుగా సగానికి విరిచి, రెండు చివర్లా ఒక్కొక్క చుట్టు సెల్లో టేపు చుట్టాను. టేపు మందం దాదాపు 50 మైక్రాన్లు కనుక బ్లేడు రెండు కాళ్ళ మీద నిలబడినట్లు టేపు మీద జారుతూ, పైకి ఉన్న గుబ్బను మాత్రమే గీరుతుంది, చుట్టూ ఉన్న పూతకు అంటదు. ఆ తరువాత పెన్సిల్ వెనుక ఉన్న రబ్బరుకు 2000 నంబరు వాటర్ పేపరు గుండ్రంగా కత్తిరించి అంటించి, సబ్బు నీటితో తడిపి, గుబ్బ మీదనే చిన్న సున్నాలు చుట్టాను. పది చుట్లకు ఒకసారి తుడిచి చూడాలి. చుట్టూ మెరుపు తగ్గి, చుక్క కూడా అదే మేర మసకబడిందంటే రెండూ ఒకే మట్టానికి వచ్చాయి. అక్కడ ఆగి, 3000 నంబరుతో ఒక నిమిషం, తరువాత రబ్బింగ్ పాలిష్.

ఈ పద్ధతిలో 19లో 16 మొదటిసారే సరిపోయాయి. రెండింటిలో నడుమ మళ్ళీ పల్లం కనబడితే మూడో చుక్క పెట్టాను. మిగిలిన ఒకటి నా తప్పు.

అది పదకొండో నంబరు పెచ్చు, బానెట్ మధ్య గీత పక్కన ఉంది. పెన్సిల్ రబ్బరు ఊడిపోతే తిరిగి అంటించే ఓపిక లేక, 1500 కాగితాన్ని వేలికి చుట్టి రుద్దాను. వేలు మెత్తనిది కాబట్టి గుబ్బను వదిలి గీత అంచునే కోసేసింది. రేకు మడత పడిన అంచుల మీద పూత పలుచగా ఉంటుంది. రుద్దేటప్పుడు వచ్చే నీరు పాలలా తెల్లగా ఉన్నంత సేపు క్లియర్ అరుగుతున్నట్లు, ఆ నీరు వెండిరంగుకు తిరిగిందంటే క్లియర్ అయిపోయి బేస్ కోటు తెగుతున్నట్లు. నేను చూసేసరికి నీరు వెండిరంగులో ఉంది, ఆరు మిల్లీమీటర్ల మేర క్లియర్ లేదు. పెచ్చు ఒక మిల్లీమీటరు, దాన్ని బాగుచేయబోయి నేను చేసిన గాయం ఆరు. మీద లక్కర్ పరిచి ఎండ నుంచి కాపాడాను కానీ, ఆ మచ్చ ఏ వైపు నుంచి చూసినా కనబడుతుంది. బానెట్ మొత్తం వేయించడానికి షెడ్డులో రూ. 4,500 అడిగారు, ప్రస్తుతానికి వద్దనుకున్నాను.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: మట్టం చేసే ముందు, చేశాక పక్కనే మీటరు పెట్టాలి, 8 మైక్రాన్లకు మించి తగ్గితే ఎలా ఉన్నా ఆపేయాలి. మిగిలిన చోట్ల సగటున 112 నుంచి 106కు మాత్రమే తగ్గింది.

క్లియర్ మాత్రమే పోయిన 6 చోట్ల చుక్క పెట్టలేదు, పాలిష్ మాత్రం పట్టించాను. అడుగున రంగు బాగున్నచోట ముట్టుకోకపోవడమే నయమని పదకొండో నంబరు చూశాక అనిపించింది.

ఇప్పటివరకు: 18 బాగు, 1 చెడింది, 6 వదిలేసినవి, 18 మిగిలాయి. ఖర్చు రూ. 2,670 (3000 పేపరు, పాలిష్ 320, గుడ్డలు 150). సమయం 26.5 గంటలు.

ఆరో దశ: రేకు దాకా పోయిన 9 (2025 జనవరి 4 నుంచి ఫిబ్రవరి 2)

వీటిలో ఐదింటికి తుప్పు. గాజునార పెన్నుతో గీరితే సన్నటి గుంటలో కూడా మెరిసే లోహం బయటపడుతుంది, కానీ ఆ నారలు విరిగి చేతిలో గుచ్చుకుంటాయి, గ్లవ్స్ తప్పనిసరి. గీరినా పోని నల్లటి చుక్కలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పళ్ళపుల్లతో పెట్టి 15 నిమిషాలు ఉంచాను.

జనవరి 25న రెండు చోట్ల పూత కింద బొబ్బలు కనబడ్డాయి. సూదితో తీసి చూస్తే అడుగున తెల్లటి పొడి ఉంది. మందు ఆరితే చాలనుకుని, కడగకుండానే దాని మీద ప్రైమర్ వేశాను. మిగిలిపోయిన ఆమ్లపు లవణాలు తేమను పీల్చి పూతను పైకి లేపాయి. కొన్ని మందులను కడగనవసరం లేదు, కొన్నిటిని కడగాలి, సీసా వెనుక అట్ట మీద ఆ సంగతి ఉంటుంది. నేను కొన్న దాని మీద కడగమనే ఉంది, నేను చదవలేదు.

రెండోసారి చేసినది:

1. బొబ్బను పూర్తిగా తీసి, మళ్ళీ గీరాలి.
2. మందు పెట్టి, 15 నిమిషాల తరువాత తడి గుడ్డతో మూడుసార్లు తుడవాలి.
3. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరును అడుగు దూరంలో పట్టి రెండు నిమిషాలు ఆరబెట్టాలి.
4. ఆల్కహాల్‌తో తుడిచిన పావుగంటలోపే ఎపాక్సీ ప్రైమర్ మొదటి చుక్క పెట్టాలి.
5. మరునాడు రెండో చుక్క. ఆపైన అయిదో దశలోని క్రమమే.

ఎపాక్సీనే ఎందుకంటే, అది రేకును గట్టిగా పట్టుకుని తేమను లోపలికి రానివ్వదు. మామూలు ప్రైమర్ చాలా వరకు నీటిని పీలుస్తుంది, నేరుగా రేకు మీద అది ఒంటరిగా సరిపోదు.

తలుపు అంచున ఉన్న మూడింటి మీద థిన్నర్ గానీ, హార్డ్‌నర్ లక్కర్ గానీ వాడలేదు. బలమైన ద్రావణి తగిలితే ఆ పాత పూత ముడతలు పడుతుందని తుక్కు రేకు మీద ఒంటి డబ్బా పూత వేసి చూసి తెలుసుకున్నాను. ప్రైమర్, బేస్ పూతలు గుంట దాటకుండా పెట్టి, పైన ఒంటి డబ్బా లక్కర్‌నే పలుచగా నాలుగు పూతలు, పూతకు పూతకు మధ్య ఒక రోజు ఆగి వేశాను.

ఇప్పటివరకు: 27 బాగు, 1 చెడింది, 6 వదిలేసినవి, 9 మిగిలాయి. ఖర్చు రూ. 3,390 (ప్రైమర్ 200, తుప్పు మందు 220, పెన్ను 300). సమయం 34.5 గంటలు.

ఏడో దశ: బంపర్ (ఫిబ్రవరి 8 నుంచి 23)

ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు కనుక ఇది తేలిక అనుకున్నాను. తొమ్మిదింటిలో ఆరింటికి నల్లటి ప్లాస్టిక్ కనబడుతోంది. మొదట మూడింటికి నేరుగా బేస్ వేసి, లక్కర్ పెట్టాను. వారం తరువాత వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడు రెండు చుక్కలు పొలుసుల్లా ఎగిరిపోయాయి. బంపర్ ప్లాస్టిక్ మీద మామూలు పూతలు పట్టవు, ముందుగా ప్లాస్టిక్ ప్రైమర్ (రూ. 180) పలుచగా పెట్టాలి. అన్నిటినీ మళ్ళీ తీసి, ఆ ప్రైమర్‌తో మొదలుపెట్టాను. బ్లేడు ఇక్కడ వాడలేదు. బంపర్ వంపుల మీద అది నిలవదు, పెన్సిల్ రబ్బరుతోనే సరిపెట్టాను.

ఇప్పటివరకు: 36 బాగు, 1 చెడింది, 6 వదిలేసినవి. ఖర్చు రూ. 3,570. సమయం 38.5 గంటలు.

ఎనిమిదో దశ: ఎండాకాలం తరువాత తనిఖీ (2025 మే 25)

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం బానెట్ రేకు 61 డిగ్రీలు చూపించింది. ఆ వేడికి కుంగినవి కుంగి, లేచేవి లేచి ఉంటాయి కనుక అసలు ఫలితం ఇప్పుడే రాయవచ్చు.

మరమ్మత్తు చేసిన 37లో 33 నిలిచాయి. పదకొండో నంబరు మచ్చ అలాగే ఉంది. బంపర్ మీద రెండు ఊడిపోయాయి, రెండూ నంబరు ప్లేటు కిందివే, అక్కడ రాళ్ళు ఎక్కువగా తగులుతాయి. తలుపు అంచున ఒకటి పోయింది. మా వాకిట్లో తలుపు తెరిచిన ప్రతిసారీ గోడకు తగిలే చోటది. గోడకు రబ్బరు ముక్క అంటించాక మళ్ళీ పూత పెడతాను.

నిలిచిన 33లో ఆరు, కొద్ది దూరం నుంచి నీడలో చూస్తే ముదురు చుక్కల్లా తెలుస్తాయి. అవన్నీ రెండు మిల్లీమీటర్లు దాటిన పెచ్చులు. వెండిరంగులో అంతకంటే పెద్ద వాటిని కుంచెతో పూర్తిగా కలిపేయడం నా చేత కాలేదు. మిగిలిన 27 ఎక్కడున్నాయో చెప్పడానికి నేను నంబర్ల పుస్తకం తెరవవలసి వచ్చింది. పల్లం గానీ, గుబ్బ గానీ ఉంటే వాటి నీడ ముందు కంటబడుతుంది. మట్టం కుదిరిన చోట రంగులో కొంచెం తేడా ఉన్నా చూపు ఆగదు.

మేడ మీద ఎండలో ఉంచిన తుక్కు రేకు మీద గోళ్ళ రంగు వేసిన గడి పసుపు పచ్చబడి, నడుమ సన్నగా పగిలింది. పక్కనే ఉన్న హార్డ్‌నర్ లక్కర్ గడి మారలేదు.

బానెట్ మీద కొత్త పెచ్చులు 5 వచ్చాయి. వాటిలో రెండింటికి రేకు కనబడుతోంది. వానలు మొదలవకముందే ఆ రెండింటినీ ఆల్కహాల్‌తో తుడిచి ఎపాక్సీ చుక్కలు మాత్రం పెట్టి వదిలాను. బూడిద రంగు చుక్కలుగా నవంబరు దాకా అలాగే ఉంటాయి. నంబర్లు 44 నుంచి 48.